తెల్లవారుజామున సీపాప్ మాస్కు ఎందుకు లీకవుతుంది? బెల్టు బిగిస్తే ఎందుకు తగ్గదు?

క్లుప్తంగా

నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగే జబ్బుకు, మాస్కు ద్వారా కాస్త ఒత్తిడితో గాలి పంపే మిషను సీపాప్. పడుకునేటప్పుడు సరిగ్గా కూర్చున్న సీపాప్ మాస్కు తెల్లవారుజామున బుస్సుమనడానికి బెల్టు వదులవడం ఒక్కటే కారణం కాదు. ఆ వేళకు మిషను ప్రెజర్ పెరిగి ఉంటుంది, ముఖ కండరాలు సడలి దవడ జారి ఉంటుంది, చర్మం మీద జిడ్డు చేరి ఉంటుంది. బెల్టు మరీ బిగిస్తే లీకు ఆగకపోగా పెరగవచ్చు, ముక్కు దూలం మీద పుండూ పడవచ్చు. గాలి ఎక్కడి నుంచి, ఏ వేళలో పోతోందో గమనిస్తే మార్చాల్సింది సైజునా, మాస్కు రకాన్నా, ప్రెజర్‌నా, లేక ముందు ముక్కుదిబ్బడ సంగతి చూడాలా అన్నది తేలుతుంది.

బీరువా మీదికి చేరే మిషన్లు

గురకను జబ్బుగా చూడడం తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఇటీవలి సంగతే. షుగర్‌కో బీపీకో చూపించుకోవడానికి వెళ్తే "గురక పెడతారా? పగలు కునుకు వస్తుందా?" అని డాక్టర్లు అడుగుతున్నారు. తిరుపతిలోనో, వేలూరులోనో, చెన్నైలోనో స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి తీరును చూసే పరీక్ష) చేయించుకుని సీపాప్ మిషనుతో ఇంటికి వస్తున్నవాళ్ళున్నారు. మిషను అమ్మినవాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి, మాస్కు తగిలించి, పది నిమిషాల్లో అంతా చూపించేస్తారు. అసలు పరీక్ష ఆ రాత్రి మొదలవుతుంది. కళ్ళలోకి గాలి కొట్టడం, నోరు పిడచగట్టుకుపోవడం, పక్కకు తిరగగానే పెద్ద శబ్దం, పక్కన పడుకున్న మనిషికీ నిద్ర లేకపోవడం. నెల తిరిగేసరికి మిషను బీరువా మీదికి చేరుతుంది.

ఇది ఈ ఊళ్ళకే పరిమితమైన కథ కాదు. 2016లో ఫలితాలు వెలువడిన 'సేవ్' అనే పెద్ద అంతర్జాతీయ అధ్యయనంలో 2,700 మందికి పైగా పాల్గొన్నారు, వారిలో భారతీయులూ ఉన్నారు. సీపాప్ ఇచ్చినవాళ్ళు సగటున రాత్రికి 3.3 గంటలే వాడారు. గురక, పగటి మగత తగ్గాయి గానీ గుండెపోటు, పక్షవాతం వంటివి తగ్గినట్టు కనబడలేదు. వాడకం అంత తక్కువగా ఉండడం దానికి ఒక కారణం కావచ్చన్న చర్చ అప్పటి నుంచీ నడుస్తోంది. రాత్రికి కనీసం 4 గంటలు, పదింట ఏడు రాత్రులైనా వాడితేనే "వాడుతున్నట్టు" లెక్కేయడం చాలాచోట్ల రివాజు. ఆ గీత దగ్గరికి కూడా చేరనివ్వని ఇబ్బందుల్లో మాస్కుది పెద్ద వాటా.

మిషను చేసే పని ఎంత?

నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. నాలుక వెనక్కి జారి, కొండనాలుక దగ్గరి మెత్తటి భాగం కుంగి, కొందరిలో గాలి దారి మూసుకుపోతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు ఉలిక్కిపడి మనిషిని కాస్త లేపుతుంది, దారి తెరుచుకుంటుంది, మళ్ళీ మూసుకుంటుంది. గంటకు ఇలా 5 నుంచి 15 సార్లు జరిగితే తక్కువ స్థాయి, 15 నుంచి 30 అయితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం అంటారు. స్లీప్ స్టడీ రిపోర్టులో ఏహెచ్ఐ అని కనిపించే అంకె ఇదే.

ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివన్ బృందం దీనికి 1981లో చూపిన విరుగుడు చాలా సులువైనది. ముక్కు ద్వారా కాస్త ఒత్తిడితో గాలి పంపుతూ ఉంటే ఆ గాలే గొంతును తెరిచి ఉంచుతుంది. మిషన్లు ఇచ్చే ప్రెజర్ సాధారణంగా 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానం. 10 సెంటీమీటర్లంటే మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనంలో దాదాపు నూరో వంతు. ఇంత చిన్న తేడాతో పని జరగాలి కాబట్టే మధ్యలో గాలి పోతే చికిత్స దెబ్బతింటుంది. మొదటి రోజుల్లో మాస్కును రోజూ రాత్రి జిగురుతో ముక్కుకు అతికించేవాళ్ళు. ఆ లెక్కన నేటి మాస్కులు చాలా మెరుగు, కానీ సమస్య పుట్టింది అక్కడే, ఇంకా పూర్తిగా తీరలేదు.

అన్ని లీకులూ లీకులు కావు

మొదట తీరాల్సిన అయోమయం ఇది. ప్రతి సీపాప్ మాస్కుకూ సన్నటి రంధ్రాలు ఉంటాయి. వదిలిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవడానికి వాటిని కావాలనే పెట్టారు. ప్రెజర్ పెరిగే కొద్దీ వాటిలోంచి పోయే గాలీ పెరుగుతుంది. 10 సెంటీమీటర్ల దగ్గర చాలా మాస్కుల్లో నిమిషానికి 30 లీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఆ సన్నటి సవ్వడి విని మాస్కు చెడిపోయిందనుకుని రంధ్రాల మీద ప్లాస్టర్ అతికించేవాళ్ళున్నారు. అది ప్రమాదం. వదిలిన గాలినే మళ్ళీ పీల్చాల్సి వస్తుంది.

రెండో అయోమయం అంకెలతో వస్తుంది. రెస్‌మెడ్ కంపెనీ మిషను ఆ రంధ్రాల గాలిని తీసేసి, అనవసరంగా పోయినదాన్నే చూపిస్తుంది. నిమిషానికి 24 లీటర్ల లోపు ఉంటే చికిత్సకు ఇబ్బంది లేదన్నది ఆ కంపెనీ పెట్టుకున్న గీత. ఫిలిప్స్ నివేదికల్లో రంధ్రాల గాలితో కలిపి మొత్తం లెక్క కనిపిస్తుంది. ఒకరి మిషనులో 6, ఇంకొకరి మిషనులో 36 చూసి రెండోవారు కంగారు పడాల్సిన పని లేదు. రెండు కంపెనీల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడమే తప్పు.

అంకె బాగానే ఉన్నా ఇబ్బంది ఉండవచ్చు. నిమిషానికి 8 లీటర్లే అయినా ఆ గాలి నేరుగా కంట్లోకి పోతే నిద్ర పట్టదు. అదే గాలి గడ్డం వైపు పోతే తెలియను కూడా తెలియదు. మిషను దృష్టిలో రెండూ ఒకటే. యాప్‌లో పచ్చగుర్తు వచ్చినంత మాత్రాన పేషెంట్ చెప్పేది అబద్ధమని తేల్చేయడం సరికాదు.

బెల్టు బిగిస్తే ఏమవుతుంది?

మాస్కు అంచును వేళ్ళతో పట్టుకుని చూస్తే చాలా సిలికాన్ కుషన్లలో రెండు పొరలు కనిపిస్తాయి. లోపల కాస్త మందమైన పొర, దాని మీద ఉల్లిపొర లాంటి పల్చటి ఇంకో పొర. ముఖానికి ఆనేది ఆ పల్చటి పొరే. మిషను నడవగానే గాలి ఈ రెండు పొరల మధ్యకు చేరి, బయటి పొరను ఉబ్బించి, ముఖం ఒంపుల్లోకి నొక్కుతుంది. అంటే గాలిని ఆపుతున్నది ఆ గాలే. బెల్టు పని మాస్కును చోటు కదలకుండా పట్టుకోవడం వరకే.

మరీ బిగిస్తే పల్చటి పొర మందపు పొరకు అణిగిపోయి ముడత పడుతుంది. ఉబ్బడానికి చోటు ఉండదు. ముడత దగ్గర సందు ఏర్పడి గాలి పోతుంది. గాలి పోతోందని ఇంకా బిగిస్తారు. తెల్లారేసరికి ముక్కు దూలం మీద ఎర్రటి గీత, కొన్నాళ్ళకు పుండు. లీకు మాత్రం అలాగే ఉంటుంది.

అలా అని వదులుగా వదిలేస్తే కుదరదు. ఇక్కడ చిన్న లెక్క ఉంది. 10 సెంటీమీటర్ల ప్రెజర్ అంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీద 10 గ్రాముల బరువంత తోపు. ముక్కు, నోరు రెండింటినీ కప్పే మాస్కు లోపలి వైశాల్యం 40 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, గాలి దాన్ని ముఖం నుంచి 400 గ్రాముల బలంతో ముందుకు తోస్తూ ఉంటుంది. బెల్టులు ఆపాల్సింది ఆ బలాన్ని. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్న మాస్కులో ఆ వైశాల్యం కొద్ది చదరపు సెంటీమీటర్లే, తోపూ అంతే తక్కువ. పెద్ద మాస్కుకు బిగుతైన బెల్టులు ఎందుకు కావాలో, దానికే లీకులు, పుండ్లు ఎందుకు ఎక్కువో ఈ లెక్క చెబుతుంది.

కాబట్టి మాస్కును సరిచేయాల్సిన పద్ధతి షోరూములో చూపించేదానికి భిన్నం. పడుకుని, మిషను నడుస్తుండగా, రాత్రి ఉండే ప్రెజర్ దగ్గర సరిచేయాలి. కూర్చున్నప్పుడు బుగ్గలు కిందికి వేలాడతాయి, పడుకుంటే చెవుల వైపు జారతాయి. ముఖం కొలతే మారిపోతుంది. ముందు బెల్టులన్నీ వదులు చేసి, మాస్కును ముఖం నుంచి కాస్త ముందుకు లాగి వదిలితే పల్చటి పొర గాలితో నిండి తనంతట తాను కూర్చుంటుంది. ఆ తర్వాత రెండు వైపులా ఒకేలా కొద్దికొద్దిగా బిగించి, గాలి ఆగిన చోట ఆపేయాలి. అర్ధరాత్రి లీకు మొదలైనా బెల్టు జోలికి పోకుండా ముందు ఈ ముందుకు లాగి వదలడమే చేసి చూడాలి. చాలాసార్లు దాంతోనే పని అయిపోతుంది.

రాత్రి మూడు, నాలుగు గంటలకే ఎందుకు?

నిద్ర రాత్రంతా ఒకేలా ఉండదు. సుమారు గంటన్నరకు ఒక ఆవృత్తం చొప్పున దశలు మారుతుంటాయి. కలలు ఎక్కువగా వచ్చే దశ రాత్రి చివరి మూడో వంతులో ఎక్కువసేపు ఉంటుంది. ఆ దశలో ఊపిరి తీసే ముఖ్య కండరం, కంటి కండరాలు తప్ప ఒంట్లో కండరాలు దాదాపు పూర్తిగా సడలిపోతాయి. దవడ తెరుచుకుంటుంది, బుగ్గలు వదులవుతాయి. గొంతు మూసుకుపోయే అవకాశమూ అప్పుడే ఎక్కువ.

ప్రెజర్‌ను తనంతట తాను మార్చుకునే ఆటో మిషన్లు సరిగ్గా ఆ వేళకు గాలి పెంచుతాయి. పదకొండు గంటలకు 6 సెంటీమీటర్ల దగ్గర చక్కగా కూర్చున్న మాస్కు మీద నాలుగింటికి 12 సెంటీమీటర్లు పడుతుంది. తోపు రెట్టింపు. పట్టుకోవాల్సిన ముఖం మాత్రం అప్పుడే అన్నిటికంటే వదులుగా ఉంటుంది. లీకు మరీ ఎక్కువైతే ఊపిరి తీరును మిషను సరిగ్గా చదవలేదు. అవసరం లేకపోయినా ప్రెజర్ పెంచవచ్చు, అవసరమైనప్పుడు పెంచకపోవచ్చు. ఆటో మిషనులో కనిష్ఠ, గరిష్ఠ హద్దులు 4, 20 దగ్గరే వదిలేసి ఇంటికి పంపేస్తే ఈ చిక్కు పెరుగుతుంది. కొన్ని వారాల రికార్డు చూసి డాక్టరు ఆ హద్దులను దగ్గరికి జరిపితే చాలామందికి మాస్కు మార్చకుండానే లీకు తగ్గుతుంది. సొంతంగా మెనూలోకి వెళ్ళి ప్రెజర్ తగ్గించుకుంటే మాత్రం లీకు పోయి జబ్బు మిగులుతుంది.

పక్కకు తిరగడం ఇంకో కారణం. వెల్లకిలా పడుకున్నప్పుడు గొంతు ఎక్కువగా మూసుకుంటుంది కాబట్టి పక్కకు తిరిగి పడుకోమని డాక్టర్లే చెబుతారు. అయితే మన ఇళ్ళలో ఉండే ఎత్తైన బూరుగు దూది దిండు మాస్కు అంచును పక్కకు నెట్టేస్తుంది. బుగ్గ దిండు మీద, మాస్కు దిండు అంచు దాటి బయట ఉండేలా తల సర్దుకోవాలి. పల్చటి దిండు అయితే ఇంకా నయం. గొట్టం బరువుకు మాస్కు లాగుడుపడడం కూడా మామూలే. మంచం తలాపు మీదుగా ఒక కొక్కేనికి గొట్టాన్ని వేలాడదీస్తే మనిషితో పాటు అదీ తిరుగుతుంది.

నోరు తెరుచుకుంటే

ముక్కుకు మాత్రమే పెట్టే మాస్కులో గాలి ముక్కులో ప్రవేశించి, నోరు తెరిచి ఉంటే గొంతు దాకా పోకుండా అటే బయటికి వచ్చేస్తుంది. పొద్దున నాలుక అంగిట్లో అతుక్కుపోయి ఉండడం దీనికి గుర్తు. ఇక్కడ ఒక విషవలయం ఉంది. ముక్కులోంచి ఆగకుండా ఒకే దిశలో పరిగెత్తే గాలి లోపలి పొరను ఎండబెడుతుంది. ఎండిన పొర వాచి ముక్కు బిగుసుకుంటుంది. ముక్కు బిగిస్తే మనిషి నోటితో పీల్చుకుంటాడు, నోరు ఇంకా తెరుచుకుంటుంది.

ఈ దశలో చాలామందికి అందే సలహా ఒక్కటే, ముక్కూ నోరూ కప్పే పెద్ద మాస్కు కొనుక్కోమని. కొందరికి అది తప్పదు. అయితే పోల్చి చూసిన అధ్యయనాల్లో పెద్ద మాస్కు వాడినవాళ్ళకు సాధారణంగా ప్రెజర్ ఎక్కువ కావాల్సి వచ్చింది, లీకు ఎక్కువ ఉంది, రోజువారీ వాడకం తక్కువ ఉంది. ఆ మాస్కు గడ్డాన్ని వెనక్కి నొక్కడం, దాంతో దవడ, నాలుక గొంతు వైపు జరగడం ఒక కారణంగా చెబుతారు. గొంతు తెరవాల్సిన పరికరమే కాస్త మూసే వైపు నెడుతుందన్నమాట.

కాబట్టి పెద్ద మాస్కుకు డబ్బు పెట్టేముందు ముక్కు సంగతి తేల్చుకోవడం మంచిది. అలర్జీ ఉందా, ముక్కు లోపలి అడ్డుగోడ వంకరగా ఉందా అన్నది ఈఎన్‌టీ డాక్టరు చూసి చెబుతారు. సెలైన్ చుక్కలతో, అవసరమైతే డాక్టరు రాసిచ్చిన స్ప్రేతో ముక్కు తెరుచుకుంటే నోరు తనంతట తానే మూసుకునేవాళ్ళు ఉన్నారు. మెడికల్ షాపులో అడగగానే ఇచ్చే, వేసుకోగానే ముక్కు తెరిచే చుక్కల మందును వారాల తరబడి వాడితే ముక్కు ఇంకా మొండికేస్తుంది. గడ్డం కింద నుంచి కట్టే పట్టీ కొందరికి పనిచేస్తుంది. నోటికి అడ్డంగా టేపు అతికించుకోవడం డాక్టరును అడగకుండా చేయదగ్గది కాదు, ముక్కు దిబ్బడ, వాంతి గుణం ఉన్నవాళ్ళయితే అసలే వద్దు.

కొబ్బరినూనె, ముక్కుపుడక, మాల, గుండు

కంపెనీల మాన్యువల్లో "ముఖం శుభ్రంగా కడుక్కోండి" అని ఒక వాక్యం ఉంటుంది. మన ఇళ్ళలో ఆ వాక్యానికి అర్థం కాస్త పెద్దది. తలకు పెట్టిన కొబ్బరినూనె రాత్రికి నుదుటి మీదికి, చెంపల మీదికి దిగుతుంది. నూనె ఉన్నచోట సిలికాన్ జారుతుంది, పైగా తొందరగా పాడవుతుంది. పసుపు, క్రీములు, నుదుటి మీద నామం, విభూతి కూడా అంచు కింద పొడిలా చేరి సందు చేస్తాయి. పడుకునేముందు సబ్బుతో ముఖం కడిగి, నూనె పెట్టుకోవడం పొద్దుటి స్నానానికి ముందుకు మార్చుకుంటే ఖర్చు లేకుండా తగ్గే లీకు ఇది. పుండు పడ్డ చోట పెట్రోలియం జెల్లీ రాసి దాని మీదే మాస్కు పెట్టుకోవడం రెండు విధాలా నష్టం.

ముక్కుపుడక మీద మాస్కు అంచు పడితే గుచ్చుకుంటుంది, సందూ ఏర్పడుతుంది. చాలామంది ఆడవాళ్ళకు రాత్రిపూట కూడా దాన్ని తీయడం ఇష్టం ఉండదు. అలాంటప్పుడు ముక్కు రంధ్రాలకు ఆనే చిన్న మాస్కు కంటే ముక్కునంతా లోపలికి తీసుకునే మాస్కు నప్పుతుంది. దాని అంచు పుడకను దాటి చెంప మీద ఆనుతుంది. మాస్కు ఎంచుకునే చోట ఈ ప్రశ్న ఎవరూ అడగరు, కాబట్టి మనమే చెప్పాలి.

మగవాళ్ళకు ఇబ్బంది ఎక్కువగా కార్తీకంతో మొదలవుతుంది. అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు గడ్డం గీయరు, మంచం దిగి నేల మీద పడుకుంటారు, నుదుట చందనం ఉంటుంది. మాస్కుకు ఈ మూడూ అడ్డే. మూడు నాలుగు రోజుల మొలక గడ్డం అన్నిటికంటే కష్టం, గరుకు వెంట్రుకల మీద పల్చటి పొర ఆనదు. బాగా పెరిగిన గడ్డంలోంచి గాలి జల్లెడలోంచి పోయినట్టు పోతుంది. దీక్షలో ఉన్నవాళ్ళకు ముక్కు రంధ్రాల దగ్గర ఆనే మాస్కు అక్కరకొస్తుంది, గడ్డంతో దానికి పని లేదు. ముక్కుతో పీల్చుకోగలిగినవాళ్ళు ముందుగానే అలవాటు చేసుకుంటే 41 రోజులు మిషను మానేయాల్సిన అవసరం రాదు.

నేల మీద పడుకున్నప్పుడు మిషను ఎక్కడ పెట్టాలన్నదీ ఆలోచించాలి. స్టూలు మీదో టీపాయ్ మీదో అలాగే ఉంచితే మిషను తలకంటే ఎత్తులో ఉంటుంది, గొట్టంలో చేరిన నీళ్ళు ముఖం వైపు జారతాయి. కదిలిస్తే హ్యుమిడిఫయర్ (గాలికి తడి చేర్చే నీళ్ళ తొట్టి) నీళ్ళు కూడా ఒలికే ప్రమాదం ఉంది. తలకు దూరంగా, నేల మీదే ఒక పలక మీద పెట్టుకోవాలి, దుప్పటి దాని మీద పడకుండా చూసుకోవాలి.

తిరుమలలో తలనీలాలు ఇచ్చివచ్చిన రాత్రి మాస్కు జారిపోతోందనే ఫిర్యాదు బయటివాళ్ళకు వింతగా ఉంటుంది గానీ ఈ ఊళ్ళలో వింత కాదు. ఒత్తైన జుట్టు మీద, ముడి కింద సర్దుకున్న బెల్టు కొలత గుండు మీద ఒక్కసారిగా వదులవుతుంది. చెమట, పూసుకున్న చందనం వల్ల పట్టూ ఉండదు. పల్చటి నూలు టోపీ పెట్టుకుని దాని మీద బెల్టులు వేసి, కొత్తగా కొలత చూసుకోవాలి. జుట్టు పెరిగే కొద్దీ మళ్ళీ వదులు చేయాలి. మొక్కు కోసం నెలల తరబడి జుట్టు, గడ్డం పెంచేవాళ్ళకు ఇదే కథ తలకిందులుగా నడుస్తుంది.

ఎండ, ఏసీ, నీళ్ళు

మే నెలలో తిరుపతిలో పగలు 40 డిగ్రీలు దాటడం మామూలే. రాత్రి ఏసీ లేకపోతే మాస్కు కింద చెమట పట్టి జారుతుంది. ఏసీ 20 దగ్గర పెడితే ఇంకో చిక్కు. హ్యుమిడిఫయర్ నుంచి వచ్చిన వెచ్చటి తడి గాలి చల్లటి గొట్టంలో నీళ్ళుగా మారుతుంది. గొట్టంలో గుడగుడ శబ్దం, ముక్కు మీద చుక్కలు. మాస్కులో నీళ్ళు చేరితే అంచు జారి లీకవుతుంది. ఏసీని 25, 26కు పెంచడం, గాలి నేరుగా గొట్టం మీద పడకుండా చూడడం, గొట్టానికి గుడ్డ తొడుగు వేయడం, హ్యుమిడిఫయర్‌ను ఒక మెట్టు తగ్గించడం వరుసగా చేసి చూడవచ్చు. వేడి తీగ ఉన్న గొట్టం అన్నిటికంటే మేలు, ధరే ఎక్కువ. సుమారు 2,800 అడుగుల ఎత్తులో ఉన్న తిరుమలలో చలికాలం బస చేసినా, మదనపల్లె వైపు చలి రాత్రుల్లోనూ ఇదే జరుగుతుంది.

హ్యుమిడిఫయర్‌లో బోరు నీళ్ళు పోస్తే అడుగున తెల్లటి ఉప్పు గట్టు కడుతుంది. డిస్టిల్డ్ వాటర్ వాడాలి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డబ్బా నీళ్ళ మీద కూడా ఆ పేరే ఉంటుంది గానీ అవి ఊపిరితో లోపలికి తీసుకోవడానికి తయారైనవి కావు. దొరకని రోజు కాచి చల్లార్చిన ఆర్వో నీళ్ళతో గడుపుకుని, పొద్దున మిగిలింది పారబోసి తొట్టి ఆరబెట్టాలి.

కరెంటు పోతే మిషను ఆగుతుంది. ముక్కూ నోరూ కప్పే మాస్కుల్లో అప్పుడు బయటి గాలి వచ్చేలా ఒక మూత తెరుచుకుంటుంది. ఆ మూత దగ్గర దుమ్ము చేరి సరిగా మూసుకోకపోతే అదీ ఒక లీకు చోటే. ఇన్వర్టర్ మీద నడపాలంటే ప్యూర్ సైన్ వేవ్ రకం ఉండాలి.

కుషన్‌కూ ఆయుష్షు ఉంది

కుక్కర్ గాస్కెట్ గట్టిపడితే ఆవిరి పోయినట్టే, చర్మపు నూనెతో, చెమటతో సిలికాన్ కూడా మెత్తదనం కోల్పోతుంది. బాగున్న మాస్కు అయిదారు నెలల తర్వాత ఉన్నట్టుండి లీకవడం మొదలుపెడితే మొదట చూడాల్సింది ఇదే. వెలుతురులో పట్టి చూస్తే పల్చటి పొర పసుపురంగుకు తిరిగి, సాగి, అంచులో సన్నటి చీలికలు కనిపిస్తాయి. అమెరికాలో బీమా కంపెనీలు కుషన్లను నెలనెలా మార్చుకోనిస్తాయి. ఇక్కడ సొంత డబ్బు కాబట్టి చిరిగేదాకా వాడతారు. ఏటా మాస్కు మొత్తం కొనడం కంటే అదే మోడల్ కుషన్ ఒక్కటీ మధ్యలో మార్చడం చవక. మిషను కొనేటప్పుడే "కుషన్ విడిగా దొరుకుతుందా?" అని అడగాలి. రోజూ గోరువెచ్చటి నీళ్ళు, తేలికపాటి సబ్బుతో కడిగి నీడన ఆరబెట్టాలి. ఎండలో పెట్టకూడదు, డెటాల్, స్పిరిట్ తగలకూడదు.

ఒకే సైజు మాస్కు పెట్టెలో పెట్టి అమ్మేయడం ఈ వ్యాపారంలో ఉన్న పెద్ద లోపం. ముక్కు వెడల్పు, దూలం ఎత్తు, గడ్డం పొడవు మనిషి మనిషికీ వేరు. పెద్ద సైజు అయితే సుఖంగా ఉంటుందనుకుని తీసుకునేవాళ్ళకే దూలం పక్క నుంచి కళ్ళలోకి గాలి పోతుంది. బరువు బాగా తగ్గినా బుగ్గలు పల్చబడి పాత సైజు సరిపోదు. బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు వచ్చాక ఈ సందర్భం ఎక్కువగా ఎదురవుతుంది. వాటిలో ఒకటైన టిర్జెపటైడ్‌ను 2024 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఊబకాయంతో పాటు నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉన్నవాళ్ళకు ఆమోదించింది. బరువు తగ్గితే ప్రెజర్ కూడా మళ్ళీ చూసుకోవాలి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకు రెండు జాగ్రత్తలు. ఫిలిప్స్ 2021 జూన్‌లో లోపలి ఫోమ్ పొడిగా రాలే ప్రమాదం వల్ల కొన్ని మోడళ్ళను వెనక్కి పిలిచింది, మోడల్ చూసుకోవాలి. కొన్ని మాస్కుల బెల్టు క్లిప్పుల్లో అయస్కాంతాలుంటాయి. వాటి విషయంలో 2022లో ఫిలిప్స్, 2023లో రెస్‌మెడ్ హెచ్చరికలు ఇచ్చాయి. పేస్‌మేకర్, తలలో లోహపు క్లిప్పు, చెవిలో ఇంప్లాంట్ వంటివి ఉన్నవాళ్ళు అలాంటి మాస్కు వాడకూడదు. పక్కన పడుకునే మనిషికి పేస్‌మేకర్ ఉన్నా ఇది వర్తిస్తుంది.

పొట్ట ఉబ్బరం, ఊపిరాడని భయం

కొందరికి పొద్దున పొట్ట డోలులా ఉంటుంది, తేన్పులు ఆగవు. గ్యాస్ ట్రబుల్ అనుకుని మాత్రలు వేసుకుంటారు. గాలి గొంతు దాటి ఆహారనాళంలోకి పోవడమే కారణం, ప్రెజర్ ఎక్కువైనప్పుడు ఇది కనిపిస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు ప్రెజర్ కాస్త తగ్గించే సదుపాయం చాలా మిషన్లలో ఉంది, దాన్ని వాడాలా, ప్రెజర్ తగ్గించాలా అన్నది డాక్టరు చెప్పాలి.

మాస్కు పెట్టగానే గుండె దడ, టెన్షన్ వచ్చేవాళ్ళను ధైర్యంగా ఉండమంటే సరిపోదు. సాయంత్రం టీవీ చూస్తూ ముందు మాస్కు ఒక్కటే, తర్వాత గొట్టం తగిలించి, ఆపైన తక్కువ ప్రెజర్‌తో మిషను నడుపుతూ రోజూ కాసేపు కూర్చుంటే మెల్లగా అలవాటవుతుంది. ఆ భయం ఉన్నవాళ్ళకు కళ్ళ ముందు అడ్డం లేని చిన్న మాస్కు నయం.

డాక్టరు దగ్గరికి ఏం తీసుకెళ్ళాలి?

వట్టి చేతులతో వెళ్ళి "లీకవుతోంది" అంటే జవాబూ అంతే పొడిగా వస్తుంది. మాస్కు, బెల్టులతో సహా, మిషను లేదా అందులోని మెమరీ కార్డు తీసుకెళ్ళాలి. రాత్రి వివరం ఆ కార్డులో గంటల వారీగా ఉంటుంది, ఏ వేళలో లీకు పెరిగింది, అప్పుడు ప్రెజర్ ఎంత అన్నది పక్కపక్కనే కనిపిస్తుంది. ఎర్రటి గీత పొద్దున లేవగానే ఫోనులో ఫొటో తీయాలి, ఆసుపత్రికి చేరేసరికి అది మాసిపోతుంది. గాలి కంటి వైపు పోతోందా, నోటి నుంచా, బుగ్గ పక్క నుంచా అన్నది ఇంట్లోవాళ్ళు ఒక రాత్రి లేచి అంచు చుట్టూ చెయ్యి పెట్టి చూసి చెప్పగలరు. దూలం మీద చర్మం చిట్లినా, కళ్ళు ఎర్రబడి మంట తగ్గకపోయినా, మిషను వాడుతున్నా పగలు బండి నడిపేటప్పుడు కునుకు వస్తున్నా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు. ఘాట్ రోడ్డు మీద, రాత్రి బస్సుల మీద పనిచేసే డ్రైవర్లయితే ఈ చివరి లక్షణం చెప్పడానికి మొహమాటపడతారు, ఉద్యోగం పోతుందని. కునుకు తగ్గేదాకా స్టీరింగ్ పట్టకుండా ఉండడం, ఆ మాట డాక్టరుకు మొదటే చెప్పడం వాళ్ళకూ ప్రయాణికులకూ అవసరం. ఇక ఆసుపత్రిలోనో షాపులోనో కొత్త మాస్కు చూపిస్తే, అక్కడున్న బల్ల మీద పడుకుని, తన ప్రెజర్ దగ్గర మిషను నడిపించుకుని, రెండు పక్కలకూ తిరిగి చూసిన తర్వాతే డబ్బు కట్టాలి.